ఖాళీ జాగా వృథా కాదు

ఉన్నదంతా వాడుకోవడమే తెలివి అనే భావన ఈ కాలంలో బాగా వేరూనినది. గది ఉంటే సామానుతో నింపాలి, గంట తీరిక ఉంటే పనితో నింపాలి, పొలం ఉంటే గట్టు అంచు వరకూ నాటాలి అనే ఆలోచన చదువుకున్నవారిలోనే ఎక్కువగా కనిపిస్తున్నది. ఈ ఆలోచన మంచిచెడ్డలను తాత్త్వికంగా చర్చించడం ఈ వ్యాసోద్దేశం కాదు. ఒక చిన్న యంత్రభాగం విషయంలో అది ఎంత నష్టదాయకమో చూపి, మన విద్యార్థినీ విద్యార్థులను ఒక కట్టుబాటుకు ఒప్పించాలన్నదే మా సంకల్పం. ఆ యంత్రభాగం సాలిడ్ స్టేట్ డ్రైవ్. ఆ కట్టుబాటు, దానిలో పదోవంతు ఎన్నడూ వాడకుండా విడిచిపెట్టడం.

తెలుగు పాఠం చెప్పుకొనేవారికి ఈ యంత్రాల గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. అక్షరం ఎక్కడ నివసిస్తే అక్కడి యోగక్షేమాలు అక్షరాన్ని నమ్ముకున్నవారికి పట్టక తప్పదు. తాటాకు కాలంలో మన పెద్దలు ఆకుకు నిమ్మగడ్డి నూనె రాసి పురుగు పట్టకుండా కాపాడుకొన్నారు. కాగితం కాలంలో చెద పట్టకుండా, తడి తగలకుండా బీరువాలలో దాచుకొన్నారు. నేడు మన విద్యార్థి వ్యాసం, పరిశోధకుని సేకరణ, కార్యాలయపు రికార్డు, పాత ఉర్దూ తెలుగు సంచికల ఛాయాప్రతులు అన్నీ వ్రేలెడు పొడవు కూడా లేని చిప్పుల పలకలోకి చేరుకున్నవి. ఆ పలక స్వభావం తెలుసుకోకుండా దానిపై వ్రాయడం, తడి ఆరని తాటాకుపై గంటం పెట్టడం వంటిదే.

దీనిలో మరొక లౌకికమైన సంగతి కూడా ఉన్నది. మన కళాశాలలకు వచ్చే పిల్లలలో చాలామందికి చేతిలోని లాప్‌టాప్ ఆ ఇంటికే మొదటి లాప్‌టాప్. అది గల్ఫు దేశంలో ఉన్న అన్నగారి చెమట కావచ్చు. తల్లి కుట్టుమిషను మీద కూడబెట్టిన రూపాయలు కావచ్చు. వాయిదాలు తీరకముందే ఆ యంత్రం మందగించి, మొరాయించి, ప్రాజెక్టు సమర్పించవలసిన వారంలో తెర తెల్లబోతే ఆ ఇంటికి కలిగే బాధ చిన్నది కాదు. కనుక ఇది యంత్రశాస్త్ర విద్యార్థులకు మాత్రమే సంబంధించిన ముచ్చట అని ఎవరూ పేజీ తిప్పవద్దని మనవి.

ఇక విషయానికి వద్దాము. పాతకాలపు హార్డ్ డిస్క్ మన చిన్ననాటి పలక వంటిది. పలకపై ఒక అక్షరం తప్పుపోతే వేలితో అదొక్కటే చెరిపి, అక్కడే మరొక అక్షరం వ్రాసుకొనేవారము. అయస్కాంతపు డిస్కు కూడా పాత వ్రాత మీదనే కొత్త వ్రాతను వ్రాయగలదు. సాలిడ్ స్టేట్ డ్రైవ్‌కు ఈ సౌలభ్యం లేదు. దానిలోని జ్ఞాపకం ఫ్లాష్ మెమరీ అనే జాతికి చెందినది. జపాను దేశపు తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసుఒకా 1980 దశకంలో ఈ జాతిని లోకానికి పరిచయం చేశారు. నేటి డ్రైవులలో వాడే నాండ్ రకం 1987లో వెలుగు చూచినది. దీని నియమం విచిత్రమైనది. వ్రాయడం పేజీల లెక్కన, చెరపడం బ్లాకుల లెక్కన. ఒక్కొక్క బ్లాకులో వందల కొలది పేజీలుంటాయి. ఒకసారి వ్రాసిన పేజీపై తిరిగి వ్రాయాలంటే ఆ బ్లాకు మొత్తాన్ని తుడవవలసినదే. అంటే ఒక్క అక్షరం దిద్దడానికి పలకంతా నీళ్ళతో కడగాలన్నమాట.

ప్రతి దిద్దుబాటుకు ఇలా కడుగుతూ కూర్చుంటే పని సాగదు. అందుచేత డ్రైవులోని కంట్రోలర్ అనే చిప్పు ఒక యుక్తి పన్నుతుంది. కొత్త పాఠాన్ని వేరొక ఖాళీ పేజీలో వ్రాసి, పాత పేజీని చెల్లనిదిగా గుర్తు పెట్టుకుంటుంది. కొంతకాలానికి ప్రతి బ్లాకులోను చెల్లే పేజీలు, చెల్లని పేజీలు కలగాపులగంగా మిగులుతాయి. అప్పుడు చెల్లేవాటిని ఏరి మరొక ఖాళీ బ్లాకులోకి ఎత్తి వ్రాసి, పాత బ్లాకును కడిగి సిద్ధం చేస్తుంది. దీనికే గార్బేజ్ కలెక్షన్ అని పేరు. ఈ ఏరివేతకు కావలసిన ముఖ్యమైన సాధనం ఏమిటో పాఠకులు ఈపాటికి ఊహించే ఉంటారు. ఖాళీ చోటు.

డెల్టా రైతుబిడ్డలకు ఇది మరింత సులభంగా చెప్పవచ్చు. పదెకరాల ఆసామి వరి పండిస్తాడు. పంట కోసిన తరువాత కుప్ప నూర్చడానికి, ధాన్యాన్ని పొల్లునుంచి వేరు చేయడానికి కళ్ళం కావాలి. కళ్ళం చేసిన చోట గింజ పండదు. కాని కళ్ళం లేనిదే పండిన గింజ గాదెకు చేరదు. ఆ చోటు కూడా ఎందుకు వదలాలని అక్కడా నాటిన రైతు, కోతల కాలంలో పనలు నెత్తిన పెట్టుకొని గట్లమీద తిరగవలసిందే. డ్రైవులో మనము విడిచే పదోవంతు కంట్రోలర్‌కు కళ్ళం వంటిది.

ఈ కళ్ళం ఇరుకైనకొద్దీ కలిగే నష్టం ఎంతో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. ఒక బ్లాకులో 256 పేజీలున్నవనుకొందాము. డ్రైవులో తగినంత చోటు ఉండి, ఏరివేతకు దొరికిన బ్లాకులో సగం పేజీలు చెల్లనివైతే, మిగిలిన 128 పేజీలను ఎత్తి వ్రాస్తే 128 పేజీల కొత్త చోటు లభిస్తుంది. అంటే మనము ఒక పేజీ వ్రాస్తే డ్రైవు లోలోపల రెండు పేజీలు వ్రాస్తున్నది. డ్రైవు కిక్కిరిసి, బ్లాకులో 240 పేజీలు చెల్లేవిగా, 16 మాత్రమే చెల్లనివిగా ఉంటే, 16 పేజీల చోటు కోసం 240 పేజీలు మోయవలసి వస్తున్నది. అప్పుడు మనము వ్రాసే ఒక్కొక్క పేజీకి లోపల 16 పేజీల వ్రాత. ఇంజనీర్లు దీనిని రైట్ ఆంప్లిఫికేషన్ అంటారు. పదహారణాల కూలికి ఒక అణా పని జరిగినట్లు అన్నమాట.

ఈ వృథా వ్రాత వల్ల రెండు కీడులున్నవి. మొదటిది మందకొడితనం. కంట్రోలర్ మోతపనిలో ఉండగా మన పని వరుసలో నిలబడుతుంది. పైగా నేటి డ్రైవులలో అధికభాగం, ఖాళీగా ఉన్న కణాలలో కొన్నింటిని తాత్కాలికంగా తొందర వ్రాతకు వాడుకుంటాయి. డ్రైవు నిండుతున్నకొద్దీ ఆ సౌకర్యం కుంచించుకుపోతుంది. రెండవది అరుగుదల. ఫ్లాష్ కణాన్ని కడిగిన ప్రతిసారీ అది కొద్దిగా క్షీణిస్తుంది. కణానికి ఒక బిట్టు మాత్రమే నిలిపిన తొలి రకాలు సుమారు లక్షసార్ల కడుగుడుకు తట్టుకొనేవి. చౌకదనం కోసం ఒక్కొక్క కణంలో మూడు, నాలుగు బిట్లను కుక్కుతున్న నేటి రకాలలో ఆ సంఖ్య వేలలోకి, కొన్నింటిలో వేయి ప్రాంతానికి దిగివచ్చినది. ఈ అరుగుదలను కణాలన్నింటికీ సమంగా పంచడానికి కూడా కంట్రోలర్‌కు మారుచోటు కావలెను.

ఖాళీ విలువ మనకు తెలియకపోయినా, ఆ డ్రైవును తయారుచేసినవారికి బాగా తెలుసు. కొత్త లాప్‌టాప్ తెరచి చూచిన విద్యార్థి, పెట్టెపై 256 గిగాబైట్లని ముద్రించి ఉండగా తెరపై 238 మాత్రమే కనిపించడంతో అంగడివాడు మోసగించాడని అలగడం మేము పలుమారులు చూచినాము. ఇందులో మోసం లేదు. అమ్మేవారి గిగాబైటు అంటే సరిగ్గా 100 కోట్ల బైట్లు. విండోస్ లెక్కించే గిగాబైటు 107,37,41,824 బైట్లు. కొలమానం మారినది గాని సరకు తగ్గలేదు. అయితే చిప్పులు సహజంగా ఈ రెండవ కొలతలో తయారవుతాయి. రెండు కొలతల నడుమ ఉన్న సుమారు 7 శాతం తేడాను తయారీదారు మన కంటికి కనబడనీయకుండా కంట్రోలర్ అవసరాలకు, చెడిపోయిన బ్లాకులకు బదులుగా అట్టిపెడతాడు. రాత్రింబవళ్ళు వ్రాతపని సాగే సర్వర్ల కోసమైతే 512 కొలత చిప్పులు బిగించి 400 గానే అమ్మిన డ్రైవులు కూడా ఉన్నవి. డబ్బు పెట్టి కొన్న చోటులో అంత భాగాన్ని పెద్ద సంస్థలు అడగకుండానే వదులుకుంటున్నవంటే, అది అమాయకత్వం కాదని గ్రహించాలి.

ఇక్కడ ప్రతిపక్షం వాదనను కూడా న్యాయంగా వినాలి. తయారీదారే కొంత దాచినప్పుడు మనము మరికొంత దాచడం దేనికి అని వారంటారు. 2009లో వచ్చిన విండోస్ 7 నుండి ట్రిమ్ అనే ఆజ్ఞ అమలులో ఉన్నది. మనము ఒక ఫైలును తీసివేసినప్పుడు, ఆ పేజీలు ఇక చెల్లవని ఈ ఆజ్ఞ డ్రైవుకు తెలియజేస్తుంది. కనుక వాడుకలో ఉన్న పార్టిషన్‌లో ఖాళీ ఉన్నా కంట్రోలర్‌కు ఉపయోగపడుతుంది, ప్రత్యేకంగా వేరుచేయనక్కరలేదు అని వారి వాదం. మరొక లెక్క కూడా చూపుతారు. మంచి రకపు 500 గిగాబైట్ల డ్రైవుకు 300 టెరాబైట్ల వ్రాత వరకు హామీ ఇవ్వడం పరిపాటి. విద్యార్థి రోజుకు 20 గిగాబైట్లు వ్రాసినా అది తీరడానికి 15,000 రోజులు, అంటే 41 సంవత్సరాలు పడుతుంది. అప్పటికి లాప్‌టాప్ ఏమవుతుందో, విద్యార్థి ఏమవుతాడో!

ఈ లెక్కలు సత్యమే. మేము వాటిని కాదనడం లేదు. డ్రైవు రేపే చచ్చిపోతుందని భయపెట్టడం మా పద్ధతి కాదు. మితంగా వ్రాసేవారికి అరుగుదల కంటె మందకొడితనమే నిత్యజీవితంలోని బాధ. అయితే ఈ వాదంలో ఒక్క ఊహ దాగి ఉన్నది. పార్టిషన్‌లో ఖాళీ ఎప్పుడూ ఉంటుందనే ఊహ అది. ఖాళీగా కనిపించిన చోటును మనిషి ఖాళీగా ఉంచడు. సినిమాలు, పెళ్ళి వీడియోలు, ఒకే ఫొటోకు నాలుగు నకళ్ళు వచ్చి చేరుతాయి. పదిమంది కూర్చునే కంప్యూటర్ ప్రయోగశాలలో అయితే ఈ వేగం పదింతలు. తెరపై ఎరుపు గీత కనిపించేనాటికి మిగిలిన ఖాళీ పదోవంతు కూడా ఉండదు. వాదం గెలిచినది, కళ్ళం మాత్రం మిగలలేదు! అదీగాక, యు.ఎస్.బి. తీగతో తగిలించే కొన్ని బయటి డ్రైవులకు ట్రిమ్ ఆజ్ఞ చేరదు. అందుచేతనే ఖాళీని మన చేతికి అందనంత దూరంలో ఉంచడం మేలని మేమంటున్నాము. సాంకేతికంగా అవసరమా అంటే ఎల్లప్పుడూ కాకపోవచ్చు. మనుష్య స్వభావం దృష్ట్యా అవసరమా అంటే ముమ్మాటికీ అవసరమే.

ఈ స్వభావానికి దృష్టాంతం వెదకడానికి మనము దూరదేశాలు పోనక్కరలేదు. గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ కొల్లేరు ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు తెచ్చే వరదను తన కడుపులో పట్టి ఉంచి, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రానికి విడిచే మంచినీటి సరస్సు అది. వేసవిలో నీరు దిగిపోయి నేల తేలినప్పుడు చూచినవారికి అది వృథాగా పడి ఉన్న భూమిగా తోచింది. చేపల చెరువులు వెలిసినవి. గట్ల పైన గట్లు లేచినవి. చెరువు వేసుకొన్న ప్రతివాడూ తనవరకు లాభమే చూచుకొన్నాడు. ఎవరూ దురుద్దేశంతో చేయలేదు. కాని వరద వచ్చినప్పుడు నీటికి నిలబడే చోటు తగ్గినది. ఎగువ పొలాలు మునిగినవి. 1999లో దీనిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు లభించినది. 2006లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లను తెగగొట్టించవలసి వచ్చినది. అప్పుడు ఆ చెరువులపై బ్రతుకుతున్న బీదకుటుంబాలు పడిన అవస్థ కూడా మరువరానిది. ముందే వదలివేయవలసిన చోటును నింపిన తరువాత ఖాళీ చేయించడం ఎంత కష్టమో కొల్లేరు మనకు నేర్పిన పాఠం.

ధవళేశ్వరం వద్ద కాటన్ బారేజీకి 175 తలుపులున్నవి. ఏడాదిలో చాలా రోజులు వాటిలో అధికభాగం మూతపడే ఉంటాయి. వేసవిలో గోదావరిని చూచిన కొత్తవాడు, ఈ సన్నని పాయలకు ఇన్ని తలుపులు, ఇంతెత్తు ఏటిగట్లు ఎందుకని ఆశ్చర్యపోవచ్చు. 1986 ఆగస్టులో ఆ నదిలోనే 35 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినదని తెలిస్తే అతని ఆశ్చర్యం తీరుతుంది. పొదుపుగా కట్టేవాడు మామూలు రోజును చూచి కడతాడు. బాధ్యతగా కట్టేవాడు ఆగస్టును చూచి కడతాడు.

ఇక ఆచరణకు వద్దాము. కొత్త డ్రైవు అయితే పని తేలిక. పార్టిషన్లు చేసేటప్పుడే పదోవంతును ఏ పార్టిషన్‌కూ కేటాయించకుండా విడిచిపెట్టాలి. 500 గిగాబైట్ల డ్రైవులో 50, 256 గిగాబైట్ల డ్రైవులో 25 విడిస్తే చాలును. వాడుకలో ఉన్న డ్రైవు అయితే ముందుగా ముఖ్యమైన ఫైళ్ళకు మరొకచోట నకలు తీసుకోవాలి. ఇది మరువకూడదు. తరువాత అక్కరలేని సరంజామా తొలగించాలి. విండోస్‌లోనే ఉన్న డ్రైవుల సవరింపు సాధనాన్ని తెరచి, ట్రిమ్ ఆజ్ఞను ఒకసారి నడిపించాలి. ఆపైన డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారా పార్టిషన్‌ను పదోవంతు కుదించి, తేలిన చోటును అలాగే వదలివేయాలి. అక్కడ కొత్త పార్టిషన్ సృష్టించాలనే కోరికను జయించడమే ఈ పనిలోని కష్టం! ప్రయోగశాలలలో రాత్రింబవళ్ళు వ్రాతపని సాగే యంత్రాలకు మరికొంత ఎక్కువగా, అయిదోవంతు వరకు విడవడం ఉచితం.

ఈ ఉపాయానికి ఉన్న హద్దులను చెప్పకపోతే మాకు దోషం. ఖాళీ జాగా డ్రైవుకు ఊపిరి మాత్రమే, ఆయుర్దాయపు పత్రం కాదు. కంట్రోలర్ చిప్పు కాలిపోతే పదోవంతు కాదు, సగం విడిచినా ఫైళ్ళు తిరిగిరావు. నకలుకు నకలే సాటి. మరొక విశేషం. ఫ్లాష్ కణాలు విద్యుత్తు లేకుండా ఎక్కువకాలం జ్ఞాపకం నిలుపుకోలేవు. సామాన్య వాడుక డ్రైవు తన వ్రాత హామీ పూర్తిగా తీరిన దశలో, 30 డిగ్రీల వేడిలో, విద్యుత్తు లేకుండా ఒక సంవత్సరం జ్ఞాపకం నిలిపితే చాలునని జెడెక్ అనే ప్రమాణాల సంస్థ నిర్ణయించినది. కొత్త డ్రైవు ఇంతకంటె ఎక్కువకాలమే నిలుపుతుంది. వేడి పెరిగినకొద్దీ గడువు తగ్గుతుంది. మన వేసవి 40 డిగ్రీలు దాటుతుందని రాజమహేంద్రవరం వారికి వేరే చెప్పనక్కరలేదు. కనుక పాత సంచికల ఛాయాప్రతులను అరిగిన డ్రైవులో నింపి బీరువాలో పెట్టి తాళం వేయడం భద్రత అనిపించుకోదు. అటువంటి నిధికి హార్డ్ డిస్కుపై ఒక నకలు, వేరొక ఊరిలో మరొక నకలు ఉండి తీరాలి.

మన సంచికలో రెండు భాషలు కాపురం చేస్తున్నవి. కాబట్టి చివరగా రెండింటికీ చెందిన మాటలు కొన్ని చెప్పడం సముచితం. ఉర్దూ, పారసీక గ్రంథాలను చేత వ్రాసిన కాతిబులు పుట నాలుగంచులా చోటు విడిచేవారు. దానిని హాషియా అంటారు. తరువాతి పండితులు తమ వ్యాఖ్యలను ఆ చోటులోనే వ్రాసినారు. కాలక్రమాన హాషియా అంటే వ్యాఖ్య అనే అర్థం కూడా స్థిరపడినది. మన తాటాకు ప్రతులలో సూత్రం దూర్చే రంధ్రం చుట్టూ వ్రాయసకాడు కొంచెం మేర విడిచేవాడు. దారపు ఒరిపిడికి అక్షరం చెదరకుండా ఉండడానికి అది ఉపాయం. ఒకరు రాబోయే పండితుని కోసం చోటు విడిచారు, మరొకరు రాబోయే ఒరిపిడి కోసం విడిచారు. వ్రాసే చోటు బంగారమంత విలువైన కాలంలోనే ఇద్దరూ ఆ పని చేశారని గమనించాలి.

ఖాళీ, బాకీ అనే మాటలు రెండూ అరబ్బీ నుండి ఉర్దూ పారసీకాల ద్వారా తెలుగులోకి వచ్చి స్థిరపడినవే. ఉర్దూలో బాకీ అంటే మిగిలినది. తెలుగులో బాకీ అంటే తీర్చవలసినది. డ్రైవులో మనము విడిచే చోటును ఖాళీ అనే బదులు బాకీ అని పిలిస్తే రెండు భాషల అర్థాలూ అతికినట్లు సరిపోతాయి. అది నేడు మిగిల్చినది, రేపటి వ్రాతకు మనము తీర్చవలసినది.

రానున్న విద్యాసంవత్సరంలో మన ప్రయోగశాలల యంత్రాలలో ఈ కట్టుబాటును పెద్దలు అమలుపరుస్తారనీ, విద్యార్థినీ విద్యార్థులు తమ సొంత యంత్రాలలో పాటించి ఇంటిల్లిపాది కష్టార్జితాన్ని కాపాడుకుంటారనీ ఆశిస్తున్నాము.